అంచు మనుషులు

నా పెళ్ళికి ఫోటోగ్రాఫరును ఎంచుకోవడానికి పట్టినంత కాలం పెళ్ళికొడుకును ఎంచుకోవడానికి పట్టలేదు. పెళ్ళికొడుకును నేనే చూసుకున్నాను కాబట్టి ఆ పని చప్పున తెమిలిపోయింది. ఫోటోగ్రాఫరును మాత్రం ఇంటిల్లిపాదీ కలిసి చూశారు. మా ఇంటిల్లిపాదీ కలిసి ఏ పని మొదలుపెట్టినా చివరికి అది నామీదికే వస్తుంది. ఇంటిల్లిపాదీ అంటే పెద్ద బలగమేం కాదు. అమ్మ, నాన్న, నాన్నను కన్న నాయనమ్మ, ఎవరూ పిలవకపోయినా అన్నిటికీ ముందుండే అమ్మ తమ్ముడు, అంటే మా మామయ్య.

మొదట వచ్చినాయన ఫోటోల నిండా పొగే. జంట పొగలోంచి నడిచి వస్తుంది, పొగలో గిరగిరా తిరుగుతుంది, పొగలో నుదురూ నుదురూ ఆనించుకుని నిలబడుతుంది. నాయనమ్మ కళ్ళద్దాలు సర్దుకుని అన్నీ ఓపిగ్గా చూసి, "ఏం నాయనా, ఇల్లు తగలబడుతుంటే పెళ్ళి చేశారా?" అని అడిగింది. ఆయన మళ్ళీ రాలేదు.

రెండో ఆయన అందరికీ సున్నం కొట్టే రకం. ఆయన ఆల్బములో తల్లికీ, కూతురికీ, తాతకీ ఒకటే రంగు, ఒకటే చర్మం. అమ్మకు తెగ నచ్చేశాడు. నన్ను ఒక కన్ను మూసి చూసి, దవడ కాస్త తగ్గించొచ్చనీ, మెడ కాస్త సాగదియ్యొచ్చనీ చెప్పాడు.

"అంత శ్రమెందుకండీ, మీ దగ్గరున్న పెళ్ళికూతుళ్ళలో ఎవర్నో ఒకర్ని పెట్టెయ్యండి. నేను ఇంట్లో పడుకుంటాను" అన్నాను.

ఆయన నవ్వలేదు. "అలా కూడా చేస్తామండీ, కాకపోతే ముందే చెప్పాలి" అన్నాడు. తర్వాత మామయ్యను కూడా తెల్లగా చేసి పెడతాననేసరికి మామయ్యకు రోషం వచ్చింది. ఆ సంబంధం అక్కడితో చెడింది.

మూడో ఆయనకు నేను పెట్టుకున్న పేరు సర్దుబాటు. మెత్తటి గొంతు, శుభ్రంగా కత్తిరించిన గోళ్ళు. వచ్చి కూర్చున్నాడు గానీ ఆల్బము తెరవలేదు. మంచినీళ్ళు తాగి, గ్లాసు చప్పుడు కాకుండా బల్లమీద పెట్టి, "మీ కుటుంబంలో అనుమానం మనుషులు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు.

"అంటే?" అన్నాడు నాన్న.

"అంటే, ఇవాళ ఉంటారు, రేపు ఉంటారో లేదో తెలీదు. చచ్చిపోతారని కాదండీ. తగాదాలొస్తాయి, విడిపోతారు, రాకపోకలు ఆగిపోతాయి. ఫోటోలో మాత్రం మధ్యలో నిలబడి నవ్వుతూనే ఉంటారు. చూసినప్పుడల్లా మీకు బాధ. అలాంటివాళ్ళని నేను అంచున పెడతాను. వాళ్ళకీ పక్కవాళ్ళకీ మధ్య బెత్తెడు జాగా వదుల్తాను. భుజాలమీద చేతులు వెయ్యనివ్వను. నీడ కూడా పక్కవాళ్ళ మీద పడనివ్వను. బట్టల రంగు వేరుగా చెప్తాను. రేపేదైనా తేడా వస్తే ఒక్క గీత. వాళ్ళు పోతారు, ఫోటో పాడవదు."

ఈ మాటలు ఒక మనిషి నోట్లోంచి, అదీ మా ఇంటి మంచినీళ్ళు తాగిన నోట్లోంచి వచ్చాయని నమ్మడానికి నాకు కాసేపు పట్టింది. మావాళ్ళకు ఆ ఇబ్బందేమీ లేదు. నాయనమ్మ కుర్చీలో ముందుకు జరిగి, "ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు నాయనా" అంది.

ఆవిడ ఆనందానికి కారణముంది. మా ఇంట్లో ఎవరితోనైనా చెడితే నాయనమ్మ బీరువాలోంచి ఆల్బములు దించి, కుట్టుపని కత్తెర పుచ్చుకుని కిటికీ దగ్గర కూర్చునేది. తిట్టేది కాదు, శపించేది కాదు. తల దగ్గర మొదలుపెట్టి పాదాలదాకా నిదానంగా ఆ మనిషి చుట్టూ కత్తిరించేది. బాబాయిని అలాగే తీసేసింది. తర్వాత కలిసిపోయారు గానీ అతికించడానికి ముక్క దొరకలేదు. ఒక ఫోటోలో చిన్నప్పటి నా భుజం మీద చెయ్యి ఉంటుంది, చెయ్యికి మనిషి ఉండదు. అదెవరి చెయ్యని అడిగితే, "ఎవరిదైతే నీకెందుకు, తినేసి పడుకో" అనేవాళ్ళు. ఆ చిల్లుల ఆల్బములు చూస్తూ పెరిగినదాన్ని, నాకు ఫోటో అంటేనే ఏవగింపు. ఇప్పుడు నాయనమ్మకు చేతులు వణుకుతున్నాయి. కత్తెర దారితప్పి పక్కవాళ్ళ చెవులు కూడా తెగుతున్నాయి. అందుకే ఆవిడ కళ్ళకు సర్దుబాటు దేవుడు పంపిన మనిషిలా కనబడ్డాడు.

"మరి ఎవరిని చివర పెడదాం?" అన్నాడు సర్దుబాటు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అందరూ ఒకసారి సర్దుకుని కూర్చున్నారు. నాన్నతో రెండుసార్లు మాటలు మానేసిన చరిత్ర ఉన్న మామయ్య, కుర్చీని అమ్మ పక్కకు జరుపుకుని ఫ్యాను వైపు చూడసాగాడు.

"మా వదిన ఉంది" అంది అమ్మ.

గది మొత్తం ఊపిరి పీల్చుకుంది.

అమ్మకు వదినంటే నాన్నకు అక్క, నాకు మేనత్త. నేను పుట్టేనాటికి అత్తకు పెళ్ళి కాలేదు. అమ్మా నాన్నా ఉద్యోగాలకు పోతే నన్ను పెంచింది అత్త. నా తలలో పేలు తీసింది, జ్వరమొస్తే నా వాంతులు ఎత్తిపోసింది, నేను సైకిలు మీంచి పడితే నన్ను లేవదీసి సైకిల్ని తన్నింది. అంతకుముందు నాన్నను చంకనేసుకుని తిరిగింది కూడా ఆవిడే. ఆలస్యంగా పెళ్ళి చేసుకుంది, నిరుడు ఆ మొగుణ్ణి వదిలేసి వచ్చేసింది. తాగాడనో కొట్టాడనో చెప్పి ఉంటే మావాళ్ళకు కాస్త తృప్తిగా ఉండేది. "మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు" అని మాత్రమే చెప్పింది. దాంతో అనుమానం మనిషైపోయింది. ఇప్పుడొక డ్రైవింగు స్కూల్లో కారు నడపడం నేర్పుతూ, ఆ స్కూలు మేడమీదే ఒక గదిలో ఉంటోంది.

"అత్త నా పక్కన నిలబడుతుంది" అన్నాను.

"నీ పక్కన నిలబడితే రేపు ఎలా తీస్తారే? నీ చెవి కూడా పోతుంది" అంది అమ్మ.

"ఎందుకు తియ్యాలి అసలు?"

"ఏమో, ఆవిడ వెనక్కి పోతుందో, ఇంకొకణ్ణి తెస్తుందో, మనతోనే తగువు పెట్టుకుంటుందో ఎవరికి తెలుసు. ముందు జాగ్రత్త."

నాన్న వైపు చూశాను. తోబుట్టువు గురించి ఇంత మాట నడుస్తుంటే ఆయన సర్దుబాటు ఖాళీ గ్లాసును బల్లమీద అటూ ఇటూ తిప్పుతున్నాడు. "ఫోటోయే కదమ్మా" అన్నాడు నాతో. నాయనమ్మయితే సొంత కూతుర్ని ఏ చివర పెడితే బాగుంటుందో, ఎడమవైపా కుడివైపా అని ఆలోచిస్తోంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. పెళ్ళిలో నాకు ఇంకే కోరికా లేదు. ఏ హాలైనా, ఏ పూలైనా, ఎవర్ని పిలిచినా, ఎవర్ని మానేసినా సరే. అత్త నా పక్కన నిలబడాలి, ఎవరూ తియ్యలేని చోట. ఆ ఒక్క మాటా ఎవరూ వినలేదు. సర్దుబాటును ఖాయం చేసేశారు.

ఆ తర్వాత ఇంట్లో మొదలైన ముస్తాబు అంతా ఇంతా కాదు. అమ్మ స్నానాల గదిలో అద్దం ముందు నవ్వు సాధన చేసేది. తలుపు సందులోంచి చూస్తే, పెదవులు సాగదీసి, వదిలేసి, మళ్ళీ సాగదీసి, కళ్ళలో మాత్రం పొయ్యిమీద ఏదో మాడుతోందన్న కంగారు. మామయ్య జుట్టుకు వేసుకున్న రంగు నుదుటి మీదికి కారి, వారంపాటు వదల్లేదు. నాయనమ్మ కొత్త కట్టుడు పళ్ళు అలవాటు చేసుకోవడానికి వాటితో రోజంతా ఉత్త నోరు నమిలేది. అందరికీ వెన్నరంగు బట్టలని సర్దుబాటు చెప్పాడు. అత్తకు మాత్రం బూడిదరంగు. గీత తెలియాలి కదా మరి.

ఈ సంగతి ఆవిడకు నేనే చెప్పాలనుకుని ఒక మధ్యాహ్నం వెళ్ళాను. వేరేవాళ్ళ నోట వింటే ఇంకా నీచంగా ఉంటుందనిపించింది. కింద ఎవరో కారును వెనక్కి నడపలేక గేరును గరగరలాడిస్తున్నారు. పైన గదిలో అత్త మంచమంతా దుప్పటి పరిచి బూడిదరంగు జత ఇస్త్రీ చేస్తోంది. నన్ను చూసి ఆ జత ఒంటికి ఆనించుకుని నిలబడింది.

"ఎలా ఉంది? ముసలిదానిలా ఉన్నానా?"

"బాగుంది అత్తా."

"ఫోటోలో పళ్ళు కనిపించేలా నవ్వాలా, మూసుకుని నవ్వాలా? మీ అమ్మనడుగుదామనుకుని మర్చిపోయాను."

"నిన్ను ఆ రంగే ఎందుకు వేసుకోమన్నారో తెలుసా?" అన్నాను.

"తెలుసు. మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు."

"చెప్పేశాడా?"

"పాపం వాడు, ఏడ్చినంత పని చేశాడు. పోనీలేరా, నేనేం అనుకోనులే అని నేనే ఓదార్చాను."

అప్పుడు నాన్న మీద వేసినంత అసహ్యం నాకు జన్మలో ఎవరి మీదా వెయ్యలేదు. అక్కను అంచున నిలబెట్టడమే కాదు, నిలబెట్టినందుకు తనకు కలిగిన బాధకు ఓదార్పు కూడా ఆవిడ దగ్గరే పుచ్చుకున్నాడు.

"నువ్వు రాకు అత్తా. ఎవడిక్కావాలి ఆ ఫోటో."

"రాకపోతే ఎలాగే? చివరి సీటైనా బస్సు వెళ్ళే చోటికే వెళ్తుంది" అంది. నవ్వింది కూడా. తర్వాత, అప్పటికే మడత నలక్కుండా ఉన్న బట్టల మీద మళ్ళీ ఇస్త్రీపెట్టె పెట్టింది. చాలాసేపు తలెత్తలేదు.

పెళ్ళి దగ్గరపడ్డాక ఒక ఉదయం స్టూడియోలో మా కుటుంబం వరకు నమూనా ఫోటోకు పిలిచాడు సర్దుబాటు. పెళ్ళిరోజు తడబాటు లేకుండా ఎవరి చోటు వాళ్ళకు అలవాటు కావాలట. పొడుగాటి గది, గోడకు లేతరంగు తెర, మనిషంత ఎత్తు దీపాలు. నేలమీద ఎవరు నిలబడాల్సిన చోట వాళ్ళకు తెల్ల టేపుతో ఇంటూ గుర్తులు అంటించి ఉన్నాయి. మధ్యలో నాది, నాకు అటూ ఇటూ అమ్మా నాన్నా, వాళ్ళ పక్కన నాయనమ్మా మామయ్యా. మామయ్య గుర్తు దాటాక, కెమెరాకు ఎడమ చివర, ఎర్ర టేపుతో ఇంకో గుర్తు.

అత్త ఎవరూ చెప్పకుండానే వెళ్ళి ఎర్ర గుర్తు మీద నిలబడింది. జుట్టు కొత్తగా వంకీలు తిప్పించుకుంది. సర్దుబాటు వెళ్ళి ఆవిడకూ మామయ్యకూ మధ్య తన అరచెయ్యి అడ్డం పెట్టి కొలిచాడు. "ఇంకొంచెం అవతలికమ్మా" అన్నాడు మర్యాదగా. అత్త జరిగింది. మామయ్య కూడా తన వంతుగా ఇవతలికి జరిగాడు, అంటువ్యాధేదో సోకుతుందన్నట్టు.

నేను నా గుర్తు దగ్గరికి పోలేదు. "నేను నిలబడను" అన్నాను.

అమ్మ నా చెయ్యి గిల్లింది. నాన్న "అందరి ముందూ ఎందుకమ్మా" అన్నాడు. సర్దుబాటు నన్ను చల్లబరచడానికి పూనుకున్నాడు. ఆయన చేసిన పొరపాటు అదొక్కటే.

"ఇందులో అనుకోవడానికేం లేదమ్మా. అన్ని ఇళ్ళల్లోనూ ఉన్నదే. మీ వియ్యాలవారు కూడా వాళ్ళ వైపు ఫోటోలకు నన్నే పెట్టుకున్నారు కదా. వాళ్ళ కుటుంబం ఫోటోలో మిమ్మల్ని కుడి చివర పెట్టమన్నారు. పెళ్ళికొడుకు గారి పక్కనే, కాకపోతే బెత్తెడు జాగా వదిలి. కొత్త కోడళ్ళని చాలామంది అలాగే పెట్టిస్తారు. రెండు మూడేళ్ళు చూసుకుని, అప్పుడు లోపలికి తీసుకుంటారు."

అమ్మ నా చెయ్యి వదిలేసి సర్దుబాటు వైపు తిరిగింది.

"నా కూతుర్నా?" అంది అమ్మ. "నా కూతుర్ని చివర పెడతారా?"

"ఎంత పొగరు" అంది నాయనమ్మ, కట్టుడు పళ్ళు టకటకలాడుతుండగా. "పిల్లేమన్నా సంతలో దొరికిందా?"

"ఇది మనందరికీ అవమానం బావా" అన్నాడు మామయ్య.

నాన్న మొహం ఎర్రబడింది. ఆయన గొంతు పైకి లేవడం నేను పుట్టాక వినలేదు, ఆరోజు విన్నాను. "మనిషిని మనిషిలా చూడటం తెలీదా వాళ్ళకి? రేపు పోతుందో ఉంటుందో అని లెక్కేసుకుని పక్కన పెట్టడానికి అదేమన్నా వస్తువా?"

తనదాకా వస్తే గానీ తెలియదంటారు. మావాళ్ళకు తమదాకా వచ్చినా తెలియలేదు. నలుగురూ నోరు చేసుకుంటున్నారు, ఎర్ర గుర్తు మీద ఒక మనిషి నిలబడి ఇవన్నీ వింటోందన్న స్పృహ ఒక్కరికీ లేదు.

అత్త గుర్తు దిగి గబగబా వచ్చింది. తన విషయంలో అన్ని రోజులూ నవ్వుతూ తిరిగిన మొహం ఇప్పుడు నల్లబడిపోయింది. "ఎవరన్నారా మాట? ఫోన్ నంబరివ్వండి, నేను మాట్లాడతాను. పిల్లను చివర పెట్టడమేంటి?"

"మీరాగండి వదినా" అంది అమ్మ. "ఇది మా ఇంటి విషయం."

అత్త ఆగిపోయింది. ఒక్క క్షణం నాన్న వైపు చూసింది. నాన్న దీపం వైపు చూస్తున్నాడు. ఆవిడ మాట్లాడకుండా వెనక్కి నడిచి వెళ్ళి తన ఎర్ర గుర్తు మీద సరిగ్గా నిలబడింది.

నేను ముస్తాబు గదిలోకి పోయి తలుపేసుకుని పెళ్ళికొడుక్కు ఫోన్ చేశాను. విషయం చెప్పాను. అతనికి తెలియదు. తెలియదన్నది నిజమేనని గొంతు విని నమ్మాను.

"ఇంత చెత్త ఆలోచన మా అమ్మకెలా వచ్చింది? ఉండు, నేను మాట్లాడతాను" అన్నాడు.

"వద్దు. మాట్లాడతాననేవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. మా నాన్న పుట్టినప్పట్నుంచీ మాట్లాడతాననే అంటున్నాడు."

"మరేం చెయ్యమంటావు?"

"మీవాళ్ళు నన్ను ఏ చివరైనా పెట్టుకోనీ. నువ్వొచ్చి నాకు అవతల నిలబడు. నన్ను తియ్యాలంటే నిన్నూ తియ్యాలి."

ఈ ఒక్క జవాబులో తేడా వస్తే పెళ్ళే వద్దనుకున్నాను, అంత స్పష్టంగా.

"సరే. అక్కడే నిలబడతాను" అన్నాడు. "నీ పక్కన ఇంకెక్కడ నిలబడినా ఒకటేగా నాకు."

ఫోన్ పెట్టేసి అద్దం ముందు నిలబడ్డాను. మొహం కడుక్కుంటే పూసినదంతా పోయింది. నాకోసం నేను నోరు తెరిచి అడుక్కున్నాను, దొరికింది. అత్త ఎవర్నీ ఏమీ అడగలేదు. అడిగితే ఎవరొచ్చి నిలబడేవాళ్ళు? తలుపు తీసుకుని బయటికి నడిచాను.

మావాళ్ళింకా వియ్యాలవారిని కడిగేస్తూనే ఉన్నారు. నేను నా తెల్ల గుర్తు దాటాను, నాన్ననూ మామయ్యనూ దాటాను, అత్తను కూడా దాటి ఆవిడకు అవతల, ఏ గుర్తూ లేని చోట నిలబడ్డాను.

"ఇక్కడేంటే?" అంది అత్త. "వెళ్ళు, మధ్యలోకి వెళ్ళు. పెళ్ళికూతురు చివర ఉంటే ఏం బాగుంటుంది?"

"నాకిక్కడే బాగుంది."

"పిచ్చి వేషాలెయ్యకు. మీ అమ్మ నన్నంటుంది."

"అననీ."

సర్దుబాటు కెమెరాలో చూసి తలెత్తాడు. "అమ్మా, మీరక్కడ నిలబడితే ఆవిణ్ణి తియ్యడం కుదరదు. మిమ్మల్ని కూడా తియ్యాల్సొస్తుంది."

"తెలుసు. అలాగే తియ్యండి ఫోటో."

"పైగా మీరు ఫ్రేములో సగమే ఉన్నారు. అందరూ పట్టాలంటే మిగతావాళ్ళంతా రెండడుగులు మీవైపు జరగాలి."

ఎవరూ జరగలేదు. అమ్మ మొహం మాడ్చుకుని తన గుర్తు మీద నిలబడింది. నాయనమ్మ, "అది దిగొస్తుందిలే, కాసేపాగండి" అంది. మామయ్య ఇటు జరిగితే తను అంచుకు దగ్గరవుతానని కాబోలు, కాళ్ళు రెండూ ఇంకా బిగించాడు. సర్దుబాటు నిట్టూర్చి కెమెరానే వెనక్కి జరుపుకున్నాడు. అందులోంచి చూసి, పనిమంతుడి సంతోషంతో, "పర్లేదండీ. మధ్యలో జాగా శుభ్రంగా ఉంది. కావాలంటే రెండు ఫోటోలు చేసుకోవచ్చు" అన్నాడు.

"పెళ్ళికూతురు లేని ఫోటో ఏం చేసుకుంటాం?" అంది అమ్మ.

అందరూ నాన్న వైపు చూశారు. నేనూ చూశాను. ఆయన అత్తను చూశాడు, నన్ను చూశాడు, కిందికి చూశాడు. మా వైపు రావడానికి కుడికాలు ఎత్తాడు. నా పక్కన అత్త శ్వాస ఆగడం నాకు వినబడింది. ఆయన ఆ కాలు తీసుకెళ్ళి మళ్ళీ తన తెల్ల గుర్తు మీదే పెట్టుకుని, చొక్కా సర్దుకుని, కెమెరా వైపు తిరిగాడు.

నాకు ఆయన సంగతి ఎప్పుడో తెలుసు. అత్త అది చూడకుండా ఉంటే బాగుండేది. చూసింది.